జిగురు మేడంకి చెప్పని మాట

మేడం పోయారని పోయిన గురువారం పొద్దున ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. గుండె జబ్బుతో భద్రాచలంలో ఆసుపత్రిలో చేరి మూడు రోజులే అయింది, వచ్చేస్తారనుకున్నాం. ఏడుపు కంటే ముందు బుర్రలోకి వచ్చింది ఇంకొకటి: మా అమ్మ రిపోర్టు మీద ఇక ఎవరు సంతకం పెడతారు? ఛీ, ఏం మనిషిని నేను! పదకొండేళ్లు ఆవిడ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి, పని నేర్పిన మనిషి పోతే తోచేది ఇదా!

ఖమ్మంలో ఆవిడని అందరూ జిగురు మేడం అనేవారు. ఎముకలో వేసిన రాడ్డు మీద, మార్చిన మోకీలు మీద సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. మందు వాటిదాకా పోదు. ఆవిడ పరిశోధనంతా ఆ పొర మీదే. అడిగినవాళ్లకు మాత్రం, "బిందెల నీళ్లు పోసి ఊపితే పాచి పోతదా అమ్మా? లోపల చెయ్యి పెట్టి తోమాలె గద" అని చెప్పేవారు. భద్రాచలం అవతలి అడవి ఊళ్లలో కాలు చీము పట్టినవాళ్లు కదల్లేకపోతే, చీము నమూనాల కోసం ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో తనే వెళ్లేవారు. నొప్పా, జ్వరమా అని కోయ భాషలో అడగడం కూడా నేర్చుకున్నారు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ఒక తప్పు చేస్తారు. రిపోర్టు మంచిగా రావాలని, పరీక్షకు ముందే గట్టి మాత్రలు మింగి వస్తారు. మందు ఒంట్లో ఉంటే చీము రాసి సూక్ష్మజీవుల్ని పెంచే మా ప్లేటు మీద ఏమీ మొలవదు. జబ్బేమో పొర కింద అలాగే ఉంటుంది. మేడం కసిరేవారు కాదు. వెంట వచ్చిన ముసలమ్మని పట్టుకుని, "జొరం ఎన్నడు తగ్గింది అవ్వా?" అనేవారు.

"మొన్ననే బిడ్డా, ఒక్కపారే తగ్గిపాయె."

అంతే, దొరికిపోయేవారు. జ్వరం ఒక్కసారే తగ్గిందంటే మందు పడ్డట్టే. మందు ఆపించి, రెండు వారాలాగి మళ్లీ పరీక్ష చేసేవారు. ఆ రెండు వారాలూ భయమే. జ్వరం తిరగబెడితే విషం రక్తంలోకి ఎక్కుతుంది. "ఈ పద్నాలుగు రోజులు నాకే జొరం వచ్చినట్టుంటదే" అనేవారు నాతో. నేను తొందరపడి రిపోర్టులో సూక్ష్మజీవులు లేవని టైపు కొడితే ఊరుకునేవారు కాదు. "మొలవలేదని రాయి. లేవని రాయకు. లేవని చెప్పనీకి మనమెవరం?"

ఇంత తెలిసిన నేను ఏం చేశాను? వేంసూరులో మిరప చేలు చేసి చేసి అరిగిన మా అమ్మ మోకాలికి రెండేళ్ల కింద కొత్త కీలు వేయించాం. పోయిన నెల అది వాచి చీము కారింది. జ్వరం నూటమూడు. హడలిపోయి, పరీక్షకు ముందు నాలుగు రోజులు నేనే మాత్రలు వేశాను.

"మందేమన్న ఏసినవా?" అని మేడం అడిగారు.

"లేదు మేడం."

ఒక్క క్షణం నా మొహం చూసి, సరే అన్నారు. తిడతారని కాదు నా భయం. మందు ఆపమంటారని.

ఐదో రోజుకు ఏమీ మొలవలేదు. పదో రోజుకూ లేదు. పొర ఉందని తేలితే కీలు మళ్లీ కోసి తీయాలి, లేకపోతే అక్కర్లేదు అన్నారు ఆపరేషన్ చేసిన డాక్టరు. "ఇగ నా కాలు కోపియ్యకు బిడ్డా" అని అమ్మ రోజూ ఏడుపు. మాత్రలు చాటుగా వేస్తూనే ఉన్నాను. నేను నోరు మూసుకుంటే చాలు. మేడం మాత్రం సంతకం పెట్టలేదు. "ఇంకో నాలుగు దినాలు చూద్దాం తియ్" అని, నా వైపు చూసేవారు.

కబురు విని భద్రాచలం వెళ్తే, మేడంని దహనానికి గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లేముందు ఆవిడ తమ్ముడు నన్ను పక్కకు పిలిచారు. "ల్యాబ్‌ల పనిచేసే అమ్మాయివి నువ్వేనా? ఏందమ్మా, అక్కకు ఏమో చెప్పేదుండెనట? దవాఖానల మూడు దినాలు అదే అడిగింది, ఆ పిల్ల ఫోన్ చేసిందా అని."

ఆవిడకు మొదటి రోజే తెలుసు. నా నోటితోనే రావాలని కాచుకున్నారు. రెండు తగిలించి అడగొచ్చు కదా మేడం! అక్కడే నిలబడి మేడం ఆసుపత్రిలో చేరాక మా ల్యాబ్ చూస్తున్న కొత్త డాక్టరుకు ఫోన్ చేశాను. "సార్, మా అమ్మకు మందు వేసిన. ఆ రిపోర్టు ఇయ్యకండి."

మందు ఆపి ఇవాళ్టికి ఆరో రోజు. అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. "మీ మేడం పోయింది గని, నా కాలు ఇడ్వకపాయె" అంటుంది.

ఈ పొద్దున అమ్మ గుమ్మంలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. కొంచెం వెచ్చగా ఉంది. ఎండకేమో. నా చెయ్యే చల్లబడిందేమో.

"ఏందే, జొరమా?" అంది.

"తెల్వదమ్మా" అన్నాను. చెయ్యి మాత్రం తీయలేదు.