సత్యవేణి రాకెట్‌కు రెండో పరీక్ష

నా పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుందనగా, ఒక జూన్‌లో నన్ను యానాంకు ఫిజిక్స్ లెక్చరర్‌గా వేశారు. ఆ ఏడు నవంబరులో అక్కడి హైస్కూళ్ల సైన్సు పోటీకి నేను ప్రధాన న్యాయనిర్ణేతనని ఉత్తర్వు వచ్చింది. నాకు అప్పటికే ఒక పేరుంది. లోలకం ప్రయోగంలో ఎవరికైనా మరీ కచ్చితమైన జవాబు వచ్చిందంటే చాలు, పిలిచి నా కళ్లెదుట మళ్లీ చేయించేవాణ్ణి. పదిమందిలో తొమ్మిదిమంది దొరికిపోయేవారు. ఆ తొమ్మిదిమందీ నా తలకెక్కి కూర్చున్నారు.

పోటీలో ఒక విభాగం, ఇంట్లో దొరికే సామానుతో చిన్న రాకెట్ చేయడం. చాలామంది పిల్లలు ఒకే పద్ధతిలో వచ్చారు. ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్‌లో పావువంతు నీళ్లు పోసి, సైకిలు ట్యూబు వాల్వు దూర్చిన రబ్బరు బిరడా బిగిస్తారు. బాటిల్‌ను మూడు కర్రల మీద తలకిందులుగా నిలబెట్టి, పంపుతో గాలి కొడతారు. లోపల ఒత్తిడి పెరిగి బిరడా ఊడితే నీళ్లు కిందికి చిమ్ముతాయి, బాటిల్ పైకి లేస్తుంది. ఎత్తు కొలవడానికి నేను నలభై అడుగుల దూరంలో బల్ల వేసుకుని, దారానికి బరువు కట్టిన కోణమాపకంతో డిగ్రీలు చూసేవాణ్ణి. నిబంధనలు రెండే. వాడిన ప్రతి వస్తువూ ఫారంలో రాయాలి. తయారీలో పెద్దల చెయ్యి ఉండకూడదు. మొదట వచ్చిన ఒక్కరినే పుదుచ్చేరి పోటీకి పంపుతారు.

అందరి రాకెట్లూ ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఆగిపోయాయి. తొమ్మిదో తరగతి సత్యవేణిది యాభై దాటింది. దరియాలతిప్ప నుంచి వచ్చిన పిల్ల, వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్తాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కలం మూత పెట్టి లేచాను. అదే బాటిల్, అదే పంపు, రెండింతల కోణం ఎలా వస్తుంది?

ముందు బాటిల్ వాసన చూశాను. అగ్గిపుల్లల మందు వాసనేమీ లేదు. నాతోపాటు న్యాయనిర్ణేతగా ఉన్న కెమిస్ట్రీ టీచర్ విజయకుమారి గారి చేత మిగిలిన నీళ్లలో లిట్మస్ కాగితం ముంచించాను. వంటసోడా గానీ నిమ్మరసం గానీ కలిపితే రంగు చెప్పేస్తుంది. అవి మామూలు నీళ్లే. ఏమీ దొరకనప్పుడు అనుమానం తగ్గాలి. నాకు పెరిగింది. ఇంత శుభ్రంగా దాచారంటే వెనక ఎవరో పెద్దవాళ్లే ఉన్నారనుకున్నాను.

రెండో పరీక్ష చేయిస్తానని ప్రకటించి, ఫారం చేతిలో పట్టుకుని ఒక్కో వస్తువూ సరిచూశాను. బాటిల్, బిరడా, వాల్వు, పంపు, కర్రలు అన్నీ సరిపోయాయి. ఆ అమ్మాయి మణికట్టుకు సన్నటి నైలాన్ దారం చుట్టి ఉంది. వల అల్లే దారం, దూరం నుంచి కనపడనంత పల్చన. బాటిల్ ఒరగకుండా కడుతుంది కాబోలనుకున్నాను గానీ, ఫారంలో లేదు కాబట్టి అడిగాను.

"ఇది వాడావా?" అంటే తలూపింది. "మరి ఎందుకు రాయలేదు?"

"దారం సామానేటండి? ఎప్పుడూ చేతికుండేదే గదండీ," అంది. నిజంగానే ఆశ్చర్యపోతూ అంది. నాకు నటనలా కనిపించింది.

"ఇది కట్టడం ఎవరు నేర్పారు?"

"మా నాన్నండి. అది లేకపోతే బిరడా..."

"అడిగినదానికి చెప్పు చాలు," అన్నాను.

విజయకుమారి గారు నా పక్కకొచ్చి, "దారంతోనే ఇంకోసారి ఎగరేయించి చూద్దామండి మాస్టారూ, మనకేం పోయింది?" అన్నారు. రాయని వస్తువు వాడకూడదని ఆవిడకు నిబంధన చదివి వినిపించాను.

దారం విప్పించి బల్ల మీద పెట్టుకున్నాను. సత్యవేణి నాలుగుసార్లు పంపు కొట్టిందో లేదో, బిరడా టప్పున ఊడి, బాటిల్ మనిషెత్తు లేచి కూలబడింది. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల తడిసిన లంగా పిండుకుంటూ తల వంచుకుంది. నాకు కలిగింది జాలి కాదు, తృప్తి. దాచకుండా చెబుతున్నాను. ఫారం మీద ఎర్ర సిరాతో "పెద్దల సాయం, అనర్హురాలు" అని రాసి సంతకం పెట్టాను. రెండో స్థానంలో ఉన్న పిల్లవాడి పేరు పుదుచ్చేరికి వెళ్లింది.

అయినా నా అనుమానం తీరలేదు. తండ్రి ఏ గ్యాసు పట్టించాడో తెలియకుండా సంగతి వదిలేయడం నచ్చక, మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న దరియాలతిప్ప వెళ్లాను. సత్యవేణి తండ్రి రాంబాబు అప్పుడే పడవ ఒడ్డుకు తెచ్చి గుంజకు తాడు కడుతున్నాడు. పడవ ఊగినప్పుడల్లా తాడు బిగుస్తోంది, ముడి మాత్రం కదలడం లేదు. ఇంతలో పక్క పడవకు దారివ్వాల్సి వచ్చి, అతను తన పడవలో నుంచే తాడు రెండో కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. అంత గట్టి ముడీ ఒక్కసారిగా విడిపోయింది.

ఆ పిల్ల మణికట్టుకు చుట్టిన నైలాన్ దారం గుర్తొచ్చింది. ఈ ముడి మీ అమ్మాయికి వచ్చా అని అడిగాను.

"ఆయ్, రాకపోడమేటండి? పుట్టిన్నాటి నుంచీ చూత్తానే ఉంది," అన్నాడు. "బరువు పడితే బిగుత్తాదండి, తోక పీకితే ఊడొచ్చేత్తాది. ఒడ్డుకి దిగకండా పడవ ఇప్పుకోవాల గదండీ మరి."

"రాకెట్ బిరడాకు ఈ ముడే వేసినట్టుంది. ఆ రాకెట్ నువ్వు చేసిచ్చావా?"

"నాకేటి తెలుసండి ఆ రాకెట్టు సంగతి? దానికి ఈ ముడేసిందని మీరు సెప్తేనే తెలిసింది."

ఇంట్లోంచి సత్యవేణిని పిలిపించి, ఆ ఏటి పాయ ఒడ్డునే మళ్లీ చేయించాను. దారంతో బిరడాను బాటిల్ మెడకు బిగించి కట్టింది. ఇరవైసార్లు పంపు కొట్టినా బిరడా కదల్లేదు. దూరంగా నిలబడి కొస లాగింది. బాటిల్ కొబ్బరిచెట్ల పైకి వెళ్లిపోయింది. మిగతావాళ్ల బిరడాలు ఎనిమిదో పదో దెబ్బకే వాటంతట అవే ఊడిపోతే, ఈ పిల్ల ఒత్తిడిని పట్టి ఉంచి, తనకు కావలసినప్పుడు వదిలింది. నేను చూసిన రాకెట్లన్నిటిలో అసలైన ఆలోచన ఉన్నది అదొక్కటే. పోటీ రోజు దాన్నే విప్పించి బల్ల మీద పెట్టుకున్నాను.

నా వ్యాఖ్య తప్పని పై అధికారికి రాసిచ్చాను. పుదుచ్చేరి పోటీ అప్పటికే అయిపోయిందనీ, జాబితా మార్చడం కుదరదనీ జవాబు వచ్చింది. పదో తరగతి వాళ్లను పోటీకి అనుమతించరు, కాబట్టి మరుసటేడు కూడా లేదు. వాళ్ల స్కూల్లో ప్రార్థన సమయంలో, ఆ రోజు నవ్విన పిల్లల ముందే, తప్పు నాదని చెప్పాను. సత్యవేణి విని, "మరి బిరడా సంగతి నేను సెప్తన్నప్పుడు ఆపేసేరేంటండి?" అని అడిగింది. వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

ఆ తర్వాత నేను వెళ్లిన పోటీలన్నిటిలో, అనుమానం వస్తే పోటీదారు అమర్చుకున్నది అమర్చుకున్నట్టే ఉంచి మళ్లీ చేయించాను. ఫలితం మీద అనుమానం ఉన్నప్పుడు ఏదీ మార్చకుండా ప్రయోగం మళ్లీ చేయాలి. ఒక వస్తువు తీసేసి చేస్తే అది వేరే ప్రయోగం అవుతుంది, దాని ఫలితం మొదటిదానికి సాక్ష్యం కాదు. ఏటా మొదటి ల్యాబ్ క్లాసులో నేను చెప్పే పాఠం ఇదే. ఆ రోజు నేను దాన్ని పాటించలేదు, సత్యవేణి పుదుచ్చేరి వెళ్లలేదు.