కందిరీగలకు ఆకాశం

మా మేనత్త పద్దెనిమిదేళ్లుగా వసారాలోనే బట్టలు కుడుతోంది. ఇంట్లో వెలుతురుండేది అక్కడే. నిరుడు వసారా కప్పు నిండా కందిరీగలు గూళ్లు పెట్టాయి. ఒకటి అత్త కనురెప్ప మీద కుట్టింది. మందు కొడదామంటే ఆవిడకు ఆ వాసనకే ఊపిరాడదు. ఈ ఎండాకాలం మళ్లీ వస్తే మిషను వెనక గదిలోకి మార్చేస్తానని మామయ్య తేల్చి చెప్పాడు. ఆ గదికి కిటికీ లేదు.

"నేనేమన్నా పాత బీరువానా, మూలకి నెట్టేయడానికి?" అంది అత్త.

కప్పుకు లేత నీలం వేస్తే కందిరీగలు ఆకాశమనుకుని గూడు పెట్టవని మా నానమ్మ చెప్పేది. అత్త నన్ను వెంటబెట్టుకుని రంగుల కొట్టుకు వెళ్లింది. షేడు కార్డు విప్పనైనా లేదు. సంచీలోంచి నీలం దారపు రీళ్లు తీసి, కొట్టు మెట్ల మీద నిలబడి, ఒక్కొక్కటే ఆకాశానికి ఆనించి చూసింది, గుడ్డకు దారం జత చూసినట్టే.

"ఇదిగో, సరిగ్గా ఈ రంగు కలుపు."

"ఎండితే ముదురుతుందండీ. ఇంకాస్త లేతది తీసుకోండి," అన్నాడు కొట్టతను.

"రంగు జత చూడటం నాకు చెప్పకు నాయనా."

నేను నిచ్చెన పట్టుకున్నాను, అత్త రంగు వేసింది. సాయంత్రానికి ఎండి ముదిరింది. మామయ్య తలెత్తి చూసి పడీపడీ నవ్వాడు. "ఇది ఆకాశం కాదే, బడిపిల్లాడి నిక్కరు!"

"నవ్వండి, దవడలు నొప్పెట్టేదాకా నవ్వండి."

మర్నాడు అత్త తెల్లరంగు తెచ్చి తనే కలిపింది. ఈసారి గుడ్డపీలికల మీద పూసి, తీగ మీద ఆరేసి, ఆరాకే దారంతో పోల్చింది. తొమ్మిదో పీలిక కుదిరింది.

రెండో పూత ఆరుతుండగా వీధి సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఆ వరుసలో ఇళ్ల ముందుభాగాలన్నీ మీగడ రంగులోనే ఉండాలని సంఘం నియమం. అత్త కందిరీగల సంగతి చెప్పింది.

"పురుగులు రంగు చూసి పారిపోతాయా? ఏ కాలంలో ఉన్నావమ్మా?"

"కందిరీగల కాలంలోనండీ. వీధిలో నిలబడి చూడండి. కప్పు కనబడితే అప్పుడు అడగండి."

ఆయన వీధిలోకి వెళ్లాడు. నిటారుగా నిలబడితే కనబడలేదు. నడుము వంచి, మెడ తిప్పి, "అదిగో, కనబడుతోంది!" అన్నాడు.

"పనిగట్టుకుని వంగి చూసేవాళ్ల కోసం నేను రంగు మార్చను."

"సంఘంలో పెడతాను."

"పెట్టండి. నేనూ వచ్చి కూర్చుంటా."

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున్నే కప్పు మూలలో గోరంత గూడు కనిపించింది. మామయ్య వచ్చి మిషను బల్ల ఒక పక్క పట్టుకున్నాడు.

"ఇక లే. మాటంటే మాటే."

అత్త లేచింది. కానీ స్టూలెక్కి, కొలతల స్కేలుతో గూడును గీకి కింద పడేసి, మళ్లీ వచ్చి మిషను ముందు కూర్చుంది.

"మళ్లీ కడితే?" అన్నాడు మామయ్య.

"మళ్లీ గీకుతా. కావాలంటే ఇంకో రంగు కలుపుతా. ఇక్కణ్ణుంచి లేవను మాత్రం లేవను. చెయ్యి తీయండి, బల్ల కదిలితే సూది విరుగుతుంది."

మామయ్య చెయ్యి తీసి, స్టూలును ఆవిడకు అందేంత దూరానికి జరిపి లోపలికి వెళ్లాడు.