బాపు ఉర్దూలో నింపిన ఫారం

పాత రేకుడబ్బాలో బాపు ఇంకుపెన్ను దొరికింది. పొద్దుటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వేళ్లన్నీ నీలం చేసే ఆ పెన్నులు మీకూ గుర్తున్నాయా?

ధూల్‌పేట సర్కారు బడిలో నా మూడో తరగతి అయిపోగానే, అమ్మ పోరు పడలేక బాపు నన్ను కాన్వెంటుకు తీసుకెళ్లాడు. మన బాపులంతా నిజాం కాలంలో ఉర్దూలో చదివినవాళ్లే కదా! ఫారం చేతికివ్వగానే కుడివైపు నుంచి మొదలుపెట్టి, ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలతో నింపేశాడు.

క్లర్కు నవ్వాడు. "ఏంది భాయ్ గిది? మీ పేరన్న ఇంగ్లీషుల రాయుండ్రి, మిగిలింది నేను నింపుత" అని ఇంకో ఫారం ఇచ్చాడు.

బాపు పెన్ను నాకు అందించాడు. "నువ్వు రాయి బిడ్డా."

టైలు కట్టుకున్న పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"నాకు రాదు బాపూ" అన్నాను.

బాపు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఫికర్ జెయ్యకు, మన బడే మంచిగుంది" అంటూ దారంతా నన్నే ఓదార్చాడు. ఇంటికొచ్చాక తప్పంతా తనదేనని అమ్మకు చెప్పాడు.

నాకు వచ్చు. పక్కింటి అక్క నేర్పితే, అప్పటికే బాపు పేరు ఇంగ్లీషులో పలక నిండా రాసుకునేదాన్ని.