పూడిక బావిలో బాప్తిస్మం

సారమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. అలాంటి మనిషిని ఊరూరా తిరిగి ఓర్పు గురించి బోధించమని పంపిన వాళ్లను ఏమనాలి? జగ్గయ్యపేట దగ్గర పల్లెలో పుట్టింది. పెళ్లయిన కొత్తలోనే మొగుడు కలరాతో పోతే మిషను బడిలో చదువుకుని బైబిలు స్త్రీ అయింది. బైబిలు స్త్రీ అంటే ఆడవాళ్లకు వాక్యం చెప్పి, పాటలు నేర్పి, బాప్తిస్మానికి సిద్ధం చేసే మనిషి. అంతవరకే. తీరా నీళ్లలో ముంచే అధికారం మాత్రం అయ్యగార్లది, అంటే పాదిరులది. వంటంతా వండించుకుని వడ్డించే వేళకు గరిటె లాక్కున్నట్టుండేది ఆమెకు.

నిజాం రాజ్యంలో సేవకు వెళ్లమన్నప్పుడు వాళ్లమ్మ పరదేశానికి పంపుతున్నట్టే ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధమేమీ లేదు. ఇటు తెల్లవాళ్ల ఏలుబడి, అటు నవాబు ఏలుబడి. రూపాయి వేరు, కచేరీ భాష వేరు. కోదాడ నాకా దగ్గర సుంకం జవాను ఆమె సంచీ బోర్లించి, అడుగున ఉన్న తెల్లచీరలు బయటికి లాగాడు.

"గివేంది? అమ్మనీకి తెచ్చినవా?"

"కాదు బాబూ. కట్టించి నీళ్లలో ముంచడానికి."

ఆ జవాను ఆమెను ఎగాదిగా చూశాడు. పిచ్చిదనుకున్నాడో ఏమో, సుంకం ఊసెత్తకుండా వదిలేశాడు.

ఆమెకు అప్పగించింది మోతె పక్కనున్న ఒక పల్లె. ఆ ఊళ్లో మాదిగవాడ మొత్తానికీ పెద్దది లచ్చమ్మ. తెల్లవారకముందే దేశ్‌ముఖు గడికి పోయి కొట్టంలో పేడ ఎత్తాలి, వాకిలి ఊడ్వాలి, పిడకలు కొట్టాలి. కూలి లేదు, కూడు లేదు, అంతా వెట్టి. ఊళ్లో ఆమె ముట్టుకోగూడనివి ఇన్నీ అన్నీ కావు. గడప ముట్టుకోగూడదు, గోడ ముట్టుకోగూడదు, బావి చేద ముట్టుకోగూడదు. అలాంటి మనిషికి సారమ్మ మొదటిరోజే చెప్పింది, బాప్తిస్మమప్పుడు దేవుడి పేరు చెప్పి నెత్తిమీద చెయ్యి పెడతారని.

"నా నెత్తి మీదనా?" అని అడిగింది లచ్చమ్మ.

"నీ నెత్తి మీదే అవ్వా."

"పుట్టినకాన్నించి జరుగు, జరుగు అన్నోళ్లే గాని చెయ్యి పెట్టినోడు లేడు బిడ్డా. సచ్చేలోపల గదొక్కటి గావాలె నాకు."

ఆ రోజు నుంచి వదిలితే ఒట్టు. పాటలు నేర్చింది. ప్రార్థన నోటికి పట్టింది. తెల్లచీర కట్టమంటే వాడలో వయసు ఆడవాళ్లు, "మా మొగోళ్లు బతికుండంగ ముండమోపి చీర మాకెందుకు?" అని గింజుకుంటే, తానే వాళ్లకు నచ్చజెప్పింది. నచ్చజెబుతూ నచ్చజెబుతూ దగ్గేది. ఆ దగ్గుకు సారమ్మ సూర్యాపేట దవాఖాన నుంచి మందు తెచ్చి పోసేది. మందు పనిచేయడం లేదని ఇద్దరికీ తెలుసు.

మిర్యాలగూడ బంగళాలో ఉండే బెన్నెట్ పాదిరి నలభై ఏడులో చలి తగ్గే వేళకు మోటారులో దిగాడు. వాడ వాడంతా చెరువుగట్టు మీద నిలబడింది. లచ్చమ్మ తెల్లచీరలో అందరికన్నా ముందుంది. పాదిరి నీళ్లలో కాలు పెట్టబోతుంటే గడి నుంచి మనిషి ఉరుక్కుంటూ వచ్చాడు. వీళ్లు మునిగితే చెరువు మైలపడుతుందట, దేశ్‌ముఖు వద్దన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని వెనకాలే బర్రెలు మెడ దాకా మునిగి నెమరు వేస్తున్నాయి. బర్రెలతో లేని మైల లచ్చమ్మతో వచ్చిందన్నమాట!

పాదిరి మాట్లాడి వస్తానని గడికి వెళ్లాడు. అక్కడ కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. తిరిగి వచ్చేసరికి ముఖంలో కళే మారిపోయింది.

"సారమ్మా, మనము ఊరి పెద్దలతో వైరము పెట్టుకొనరాదు. వీరందరు మిర్యాలగూడకు వచ్చినయెడల బంగళాలోని తొట్టిలో బాప్తిస్మమిచ్చెదను."

"పొలిమేర దాటితే వీళ్ల వీపులు చిట్లుతాయండీ. వెట్టివాళ్లకు సెలవెవరిస్తారండీ?"

"అట్లయిన ఓర్పు కలిగియుండుము."

"ఆవిడ దగ్గు విన్నారా అసలు? ఓర్పు పట్టడానికైనా ఊపిరుండాలి కదండీ."

పాదిరి మోటారెక్కాడు. వానాకాలం పోగానే సెలవు మీద తన దేశానికి ఓడెక్కుతానని, తిరిగొచ్చాక చూద్దామని చెప్పిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పూజారులు గుళ్లోనే ఉంటారనుకోవడం మన అమాయకత్వం. సారమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. లచ్చమ్మ మాత్రం తెల్లచీర విప్పి మడతపెట్టి, గడిలో పిడకల వేళయిందని వెళ్లిపోయింది. ఆమె ఏడ్చి ఉంటే సారమ్మకు అంత మండేది కాదు.

ఎండలు ముదిరాయి. చెరువు నెర్రెలిచ్చింది. ఊరి మంచినీళ్ల బావి పూడిక తీయాలని గడి నుంచి కబురొచ్చింది. అది మెట్లబావి. ఏడాది పొడవునా వాడవాళ్లు ఆ బావికి దూరంగా కుండ పెట్టుకుని నిలబడాలి. ఎవరో దయగలవాళ్లు తోడి, ఎత్తు నుంచి పోస్తే పట్టుకోవాలి. పూడిక తీసే నాడు మాత్రం ఆ వాడవాళ్లే మొలలోతు బురదలోకి దిగాలి. దిగనంటే దెబ్బలు. పని అయిపోయాక గోమూత్రం చల్లి, మంత్రాలు చదివించి, మళ్లీ మైల అని గిరి గీస్తారు. బురద ఎత్తే కాళ్లకు లేని మైల నీళ్లు తోడుకునే చేతులకు ఎక్కణ్నుంచి వస్తుందో ఆ శాస్త్రం చెప్పినవాణ్నే అడగాలి. సిగ్గులేని శాస్త్రం!

ఆ రోజు లచ్చమ్మ కొడుకు బిక్షం అడుగున పారతో బురద తవ్వుతుంటే ఆడవాళ్లు తట్టలతో మెట్ల మీదుగా పైకి మోస్తున్నారు. లచ్చమ్మ రెండు మెట్లెక్కి కూలబడుతోంది. ఒడ్డున నిలబడి చూడలేక సారమ్మ చీర ఎగదోపి దిగి, ఆమె తట్ట తాను ఎత్తుకుంది. మధ్యాహ్నం దాటాక అడుగున ఊట పడింది. చూస్తుండగానే నీళ్లు నడుం దాకా వచ్చాయి. పైన కాపలా ఉన్న గడి మనిషి సద్ది తిని, చింతచెట్టు నీడన తలపాగా మొహం మీద వేసుకుని పడుకున్నాడు.

లచ్చమ్మ లేచి, మెట్టు మెట్టూ పట్టుకుంటూ నీళ్లలోకి వచ్చింది.

"బిడ్డా, ఈ నీళ్లు సాలవా?"

సారమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను అయ్యగార్ని కాదు అవ్వా. నాకా అధికారం లేదు. పైగా ఆడదాన్ని."

"ముంచేతందుకు చేతులు గావాల్నా, మీసాలు గావాల్నా?"

బిక్షం నవ్వు ఆపుకోలేక పారకు ఆనుకున్నాడు. లచ్చమ్మ నవ్వలేదు. "గీ బాయిల మేం దిగేది ఇయ్యాల ఒక్కనాడే. రేపు దిగితే పానం తీస్తరు. మల్ల పూడిక దాంక నేనుంటనా? నువ్వే జెప్పు."

సారమ్మ పైకి చూసింది. గడి మనిషి గురక వినబడుతోంది. ఇన్నాళ్లూ తాను నేర్పింది నిజమైతే ఈ ముసలమ్మను కాదనడానికి తానెవరు? నిజం కాకపోతే నేర్పడమెందుకు? చేతుల బురద కడుక్కుని, లచ్చమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టింది. లచ్చమ్మ తన చేత్తో ఆ చెయ్యి తడిమి చూసుకుంది. పాదిరి పలికే మాటలే గొంతు తగ్గించి పలికి, వెనక్కి వాల్చి ముంచి లేపింది. మట్టినీళ్లు కారుతున్న మొహాన్ని లచ్చమ్మ అరచేత్తో తుడుచుకుంది.

"అయిందా?" అంది.

"అయింది."

"ఇగ వీణ్ని ముంచు," అని కొడుకును ముందుకు తోసింది.

ఆ సాయంత్రం ఒకరి వెనక ఒకరు మునిగారు. తెల్లచీరలు ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయాయి. గడి మనిషి లేచి చూసి, అందరూ తడిసి ముద్దయ్యారంటే పని బాగా సాగిందనుకున్నాడు. మర్నాడు బావికి శుద్ధి జరిగింది.

ఇలాంటి సంగతి దాగుతుందా? వాడవాళ్లు దాచనూ లేదు. వానలకు ముందే మిర్యాలగూడకు తెలిసింది. పాదిరి మళ్లీ మోటారులో వచ్చాడు. ఈసారి గడికి ముందే వెళ్లొచ్చాడు. లచ్చమ్మ గుడిసె ముందు నులకమంచం వేస్తే కూర్చోలేదు.

"సారమ్మా, నీవు చేసినది బాప్తిస్మము కాదు. బురదలో, అధికారము లేని స్త్రీ చేతులతో జరిగినది చెల్లదు. అయినను దేశ్‌ముఖుగారిని ఒప్పించితిని. వీరందరు ఒకనాడు మిర్యాలగూడకు రావచ్చును. జరిగినది లెక్కలో లేదని ఒప్పుకొని, మంచి నీటిలో మరల బాప్తిస్మము పొందవలెను."

సారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాడు ఆ ఒక్కరోజు సెలవు అడగడానికి నోరు రాని మనిషి నేడు అడిగి తెచ్చాడు! ఈవిడ ఊపిరి కోసం అడగనిది ఆడదాని చెయ్యి కడిగేయడానికి అడిగాడు! కడిగి పారేద్దామని నోరు తెరవబోతే లచ్చమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. మెల్లగా లేచి నిలబడింది.

"దొరా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. మేం దిగినమని దేశ్‌ముఖు ఆ బాయికి గోమూత్రం జల్లిచ్చిండు. ఈ పిల్ల చెయ్యి తగిలిందని నువ్వు మమ్ముల మల్ల కడుగుతనంటున్నవు. ఆయన శుద్ధి, నీ శుద్ధి, రెండింటికి ఫరకేంది? జర సమజయ్యేటట్టు జెప్పు."

పాదిరి టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు. లచ్చమ్మను వదిలి సారమ్మ వైపు తిరిగి, ఇకమీదట నీవు మా పనిలో లేవని చెప్పి మోటారెక్కాడు. ఆమె మీదికైతే నోరు వెంటనే లేచింది. మిర్యాలగూడకు ఎవరూ వెళ్లలేదు.

సారమ్మ కోదాడ దాటి పుట్టింటికి పోలేదు. నాట్లేసి, కలుపు తీసి ఆ వాడలోనే బతికింది. వానలు పడ్డ కొన్నాళ్లకే లచ్చమ్మ పోయింది. సమాధి దగ్గర ప్రార్థన చేయడానికి అయ్యగార్లు రామన్నారు. సారమ్మే నిలబడి చేసింది. ఆ ప్రార్థనలో ఆమె దేవుణ్ని కూడా గట్టిగానే నిలదీసిందని బిక్షం ముసలివాడయ్యేదాకా చెప్పేవాడు.