బ్రేకు అందుతలే

ఆ ఏడాదంతా మా ఆయన బండినే తిట్టాడు. అంతకుముందు ఆ తిట్లన్నీ నావే కాబట్టి, నాకు కాస్త తీరిక దొరికిందనే చెప్పాలి.

అది పాత పికప్పు. బెల్లంపల్లిలో ఆయన పనిచేసే బొగ్గు బాయి మూతపడ్డాక కొన్నాం. చెన్నూరు వైపు ఊళ్లలో కూరగాయలు ఎత్తుకొచ్చి మా మార్కెట్లో దింపేవాళ్లం. పక్క సీటు నాది. బాయి పోయాక మంచం దిగని మనిషిని మళ్లీ నిలబెట్టింది ఆ స్టీరింగే. ఎవరైనా "డ్రైవరన్నా" అని పిలిస్తే ఆయన మీసం దానంతటదే లేచేది. నేను నవ్వేదాన్ని గానీ, ఆ పిలుపు నాకూ ఇష్టమే.

ఒకరోజు మార్కెట్ గేటు దగ్గర బండి ఆగలేదు. తోపుడు బండికి తగిలి టమాటలన్నీ రోడ్డు పాలయ్యాయి. అదృష్టం బాగుండి మనుషులకేం కాలేదు.

"బ్రేకు అందుతలే," అన్నాడు దిగి.

అప్పటి నుంచి అదే మాట. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో లైనర్లు కొత్తవి వేయించాడు, ఆయిలు మార్పించాడు. అయినా అందలేదు. చివరికి ఆ డ్రమ్ములే పీకించేసి, ముందు చక్రాలకు ఉన్నట్టు వెనక కూడా డిస్కు బ్రేకులు పెట్టిస్తానని కూర్చున్నాడు.

మంచిర్యాలలో మాకు తెలిసిన మెకానిక్ బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి తల గోక్కున్నాడు. "బ్రేకు మంచిగనే పడుతున్నది గదన్నా. ఊకె ఎందుకు పరేషాన్ అయితవు?"

"నడిపేటోన్ని నేను. నాకెరుక లేదా?"

ఆయన పట్టు పడితే నావల్లే కాదు, మెకానిక్ ఎంత. అతను డ్రమ్ములు ఊడదీశాడు. ఇరుసుకు ఇనుప పట్టీలు బిగించి, డిస్కులూ వాటిని పట్టే క్యాలిపర్లూ ఎక్కించాడు. మా ఆయన పక్కనే నిలబడి అది తిప్పు, ఇది బిగించు అంటూ అతని ప్రాణం తీశాడు.

"జర వాని పని వాన్ని చెయ్యనియ్యరాదయ్యా," అని నేనంటే నవ్వాడు. ఆయన్ను అంత హుషారుగా చూసి ఎన్నాళ్లయిందో. షుగరున్న మనిషి టీలో చక్కెర వేయించుకున్నా ఆ పూట నేనేమీ అనలేదు.

ఇక మిగిలింది పైపుల్లో గాలి తీయడం. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకుంటే, మెకానిక్ కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేస్తాడు. గాలితో పాటు ఆయిలు బయటికి చిమ్ముతుంది. మా ఆయనే ఎక్కాడు, ఎప్పటిలాగే చెప్పులు కింద విడిచి. నేను తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డాను.

"తొక్కు అన్నా," కింద నుంచి కేక.

"తొక్కిన."

"రాలే. గట్టిగ తొక్కు."

"తొక్కిన అంటున్న గదరా!"

"ఒక్క సుక్క రాలే అన్నా."

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. నేను వంగి చూశాను. పెడల్ అణగకుండా పైకే ఉంది. ఆయన పాదం దాని పక్కన, బండి అడుగున ఉత్త రేకు మీద ఉంది. వేళ్లు తెల్లబడేలా ఆ రేకునే అదుముతున్నాడు.

ఆ పాదంలో స్పర్శ లేదు. షుగరు దాన్ని ఎప్పుడు తినేసిందో మా ఇద్దరికీ తెలియలేదు. ఆ రోజు టమాటలెందుకు రోడ్డున పడ్డాయో, కొత్త లైనర్లు వేసినా బ్రేకు ఎందుకు అందలేదో అప్పుడు అర్థమైంది. పాపం, ఆ బండి ఏ తప్పూ చేయలేదు.

"తొక్కుతున్ననే," అన్నాడు నాతో, ఒట్టేస్తున్న పిల్లాడిలా. "నువ్వన్న చెప్పు వానికి."

వంగి, పెడల్‌ను రెండు చేతులతో కిందికి అదిమాను.

"ఆఁ, వచ్చింది!" కింద మెకానిక్ సంబరంగా అరిచాడు. "గిప్పుడు తొక్కినవన్నా. గట్లనే పట్టు, ఇడువకు."

మా ఆయన కిందికి చూశాడు. నా చేతుల్ని చూశాడు, వాటి పక్కనున్న తన కాలిని చూశాడు. ఆ ముఖం చూడలేకపోయాను. చేతులు తీయడానికీ లేదు. ఏడుస్తూనే అదిమి పట్టుకున్నాను.

ఆయన తన మోకాలి కింద చెయ్యి పెట్టి ఆ కాలిని ఎత్తి తలుపు బయటికి పెట్టుకున్నాడు.

"నువ్వే తొక్కు," అన్నాడు, కిందికి వినపడకుండా.

ఆ సీటు దిగిన మనిషి మళ్లీ ఎక్కలేదు.