పెదనాన్న పొడి డబ్బా

నా చిన్నప్పుడు మా పెదనాన్నకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. పాలకొల్లు దగ్గర మా ఊరు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకుని, వీధరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు అడగని సలహాలు పంచిపెట్టడం ఆయన వృత్తి. వ్యవసాయం మా నాన్న చేసేవాడు.

ఆ సలహాలన్నిటికీ మూలం ఒక రేకు డబ్బా. వరిచేలో చల్లగా మిగిలిన పురుగుమందు పొడి అందులో ఉండేది. గట్టు మీద చీమలు పట్టినా ఆ పొడే, నులకమంచంలో నల్లులు పట్టినా ఆ పొడే. చేలో పైరుకు పట్టే దోమను చంపేది ఇంట్లో దేన్నైనా చంపుతుందని ఆయన సిద్ధాంతం. నిజం చెప్పాలంటే అప్పట్లో మా వైపు చాలా ఇళ్ళలో అదే సిద్ధాంతం. ఈయన మాత్రం దాన్ని తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు.

మా కుక్క పేరు టైగర్. పేరు పెట్టింది పెదనాన్నే, కాబట్టి అదీ తప్పే. కోడిపెట్ట మీదికొస్తే ధాన్యం బస్తాల వెనక దాక్కునే ప్రాణి అది. పైగా దానికి మూర్ఛ జబ్బు. నెలకు ఒకటి రెండుసార్లు కింద పడి కొట్టుకునేది. పశువుల డాక్టరుగారు రాసిచ్చిన బిళ్ళను పొద్దునా సాయంత్రం పెరుగన్నం ముద్దలో పెట్టి తినిపించడం నా పని. నాకప్పుడు పదేళ్ళు. ఆ ముద్ద నా చేతిలోంచి తప్ప ఇంకెవరి చేతిలోంచీ తీసుకునేది కాదని నాకు మహా గర్వంగా ఉండేది.

ఆ ఏడు శ్రావణంలో వానలు వదల్లేదు. టైగర్ ఒళ్ళంతా గోధుమరంగు పురుగులు. పట్టుకోబోతే టక్కున గెంతేవి. ఇప్పటి పిల్లలు ఫ్లీస్ అంటున్నారే, అవి. గోక్కుని గోక్కుని తోక మొదట్లో జుట్టంతా ఊడిపోయింది. ఇంకేం, పెదనాన్న డబ్బా పట్టుకుని అరుగు దిగాడు. మూర్ఛ ఉన్న కుక్క కదండీ, ఒకసారి డాక్టరుగారిని అడుగుదామని అమ్మ నెమ్మదిగా అంది. "ఎకరాలకెకరాలు కాపాడిన మందు, ఈ కుక్కకి పనికిరాదా? ఏంటమ్మా నీ భయం?" అని కసిరి, నా వైపు తిరిగి కదలకుండా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. మెడ దగ్గర్నుంచి తోక దాకా పిండి పులిమినట్టు పులిమేశాడు.

గంట తిరక్కుండానే టైగర్ కింద పడింది. మామూలుగా రెండు నిమిషాల్లో తేరుకునేది. ఆ రోజు తేరుకునే లోపే రెండోసారి వచ్చింది. నోట్లోంచి నురగ, కళ్ళు తేలేసింది. ఇంత జరుగుతుంటే మా పెదనాన్నగారికి తట్టిన వైద్యం ఏమిటో తెలుసా? ఇనప తాళాల గుత్తి తెచ్చి దాని కాలి మీద పెట్టాలన్నాడు! ఏ చేతులతో విషం పూశాడో ఆ చేతులతోనే తాళాలు వెతుకుతున్నాడు మహానుభావుడు. ఆ క్షణాన ఆయన మీద పుట్టిన చీదర ఈనాటికీ నాకు పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

నేను పక్కింటికి పరిగెత్తాను. అక్కడుండే తాతయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వస్తూనే దాని నోట్లో ఎవరూ చెయ్యి పెట్టొద్దన్నారు. చుట్టూ ఉన్న సామాను జరిపించారు, మా నాన్నను సైకిలు మీద డాక్టరుగారి కోసం పంపారు. మూర్ఛ కాస్త తగ్గగానే ఒంటి మీది మందును పొడి గుడ్డతో దులిపి, సబ్బునీళ్ళతో నాలుగైదుసార్లు కడిగారు. తర్వాత నా చేతులు కూడా మోచేతుల దాకా ఆయనే కడుగుతూ, "పట్టుకున్నది ఎవరమ్మా?" అని అడిగారు. నేనేనండీ అన్నాను. "ఏం రాస్తున్నారో అడగలేదా?" అన్నారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

డాక్టరుగారు వచ్చి సూది వేశారు. రెండు రోజులు అది బతుకుతుందో లేదో తెలియలేదు. మూడో రోజు సాయంత్రం నా చేతిలోంచి ముద్ద తీసుకుంది.

పెదనాన్న ఊరుకుంటాడా? నాలుగో రోజు పక్కింటి తాతయ్యను పట్టుకుని, నా మందు వద్దన్నారు, మరి పురుగుల్ని ఎవరు చంపుతారని నిలదీశాడు. తాతయ్యది మెత్తటి గొంతు. "మీకు తెలియనిదేముందండీ, కాస్త ఇలా వచ్చి నిలబడండి చాలు," అని, వసారా మూల టైగర్ పడుకునే గోనెసంచుల మీద ఆయన్ని నిలబెట్టారు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. అయిదు నిమిషాలైందో లేదో, ఆ మల్లెపువ్వులాంటి పంచె మీద నల్లచుక్కలు మొదలయ్యాయి. చుక్కలు గెంతుతున్నాయి. "చూశారా అండి, కుక్క మీద ఉన్నవి కొన్నేనండి. కాపురమంతా ఇక్కడండి. ఆ డబ్బా ఇలా తెప్పించమంటారా, తమరి పంచెకి కాస్త పులుముదాం?" అన్నారు తాతయ్య. పెదనాన్న గెంతిన గెంతు ముందు ఆ పురుగుల గెంతు ఏపాటిది! అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఆ తర్వాత పని మాకే పడింది. గోనెసంచులు కాల్చేసి, పాత దుప్పటి పరిచి, దాన్ని మూడు రోజులకోసారి వేణ్ణీళ్ళలో ఉడికించి ఎండేసేవాళ్ళం. వసారా పగుళ్ళలోంచి దుమ్మంతా రోజూ ఊడ్చి పారబోశాం. నేను పేల దువ్వెనతో టైగర్‌ని దువ్వి, దొరికినవాటిని సబ్బునీళ్ళ గిన్నెలో ముంచేదాన్ని. వేపనూనె రాద్దామంటే, దాని జబ్బు తెలిసిన డాక్టరుగారిని అడక్కుండా అది కూడా వద్దన్నారు తాతయ్య. నెలన్నర పైనే పట్టింది. పురుగులు పోయాయి. టైగర్ ఇంకో ఆరేళ్ళు బతికింది.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. పెదనాన్న పోయాడు గానీ ఆయన జాతి పోలేదు, వాళ్ళ చేతికి ఫోన్లు వచ్చాయి, అంతే. మొన్న మా కింది వాటా ఆయన, కిడ్నీ జబ్బుతో నీరసించిన తన ముసలి కుక్కను తెచ్చి, దీనికి పురుగులు పట్టాయంటూ గేదెలకు కొట్టే మందు సీసా చూపించాడు. వీడియోలో చెప్పారట. కాస్త పట్టుకోండి మామ్మగారూ అన్నాడు. దీని కిడ్నీల సంగతి ఆ వీడియోవాడికి చెప్పావా నాయనా అని అడిగాను. సీసా లాక్కుని, డాక్టరు దగ్గరికి ఆటో ఎక్కించాను.

పెదనాన్నను అసహ్యించుకోవడం నాకు తేలికే. ఆయన మూర్ఖుడు, ఆయనకు అంతే తెలుసు. కానీ పెదనాన్న దగ్గరికి వస్తేనే పారిపోయే టైగర్ ఆ రోజు పారిపోలేదు. పట్టుకున్నది నేను గనక కదలకుండా నిలబడింది.