శాంతయ్య ఎడమ మడమ

పాకాల జంక్షన్ నుంచి చిత్తూరు వైపు పోయే పట్టాలను ఒక మట్టిరోడ్డు అడ్డంగా దాటే చోట శాంతయ్య రైలు గేటు కాపలా కాసేవాడు. చక్రం తిప్పితే దూలం దిగేది, బండ్లు ఆగేవి, ఆగిన బండ్లవాళ్లకు శాంతయ్య కథలు మొదలయ్యేవి. ఒకసారి పాసింజరు ఎంత జోరుగా వచ్చిందంటే దాని కూత మర్నాడు పొద్దున గాని వచ్చి చేరలేదట. ఒక ఎండాకాలం పట్టాలు కాగి సాగి పాకాల స్టేషను రెండు మైళ్లు అవతలికి జరిగిపోతే, తడిగుడ్డలు పరిచి మళ్లీ వెనక్కి తెచ్చింది తానేనట. నమ్మేవాళ్లు నమ్మేవారు. నమ్మనివాళ్లు కూడా గేటు తెరిచేదాకా వినక తప్పేది కాదు.

ఆ కథలన్నిట్లో ఊరంతా ఒప్పుకున్నది ఒక్కటే. అది ఆయన మనవరాలు మునిలక్ష్మి చెవుల కథ.

"పాకాలలో ఇంజను నీళ్లు తాగితే, ఆ గుటక ఈడ మా పాపకి వినపడతాది" అనేవాడు శాంతయ్య.

నమ్మక ఏం చేస్తారు, కళ్లారా చూస్తుంటే! గేటు గది ముందున్న చెక్కబల్ల మీద ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి ఆట ఆపి పట్టాల వైపు తిరిగేది. కాసేపటికి రైలు వచ్చేది. వెనకనుంచి ఎవరైనా "మునిలక్ష్మీ" అంటే గిరుక్కున తిరిగి చూసేది. పిల్ల నోరు విప్పదేమని అడిగితే, అంత వినేదానికి మాట్లాడే తీరికెక్కడిదనేవాడు శాంతయ్య.

నిజానికి ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు. రైలు వచ్చే సంగతి ఆమెకు నేలలోంచి, బల్లలోంచి ఒంటికి తెలిసేది. పిలిస్తే తిరగడం మాత్రం తాత నేర్పిన విద్య. ఎవరైనా పిలవగానే, పక్కన కూర్చున్న శాంతయ్య ఎడమ మడమతో బల్లకాలిని ఒక తట్టు తట్టేవాడు. అదురు తగలగానే పిల్ల తల తిప్పేది. ఊరివాళ్లు అటు పోగానే తాత పంచె మడతలోంచి బెల్లం ముక్క బయటికి వచ్చేది. పిల్లకు అదొక ఆట.

ఇదంతా ఎందుకంటే, ఆ ఊళ్లో మనిషికి ఏ లోపముంటే అదే పేరయ్యేది. కాలు ఈడ్చే ఓబయ్యను ఓబయ్య అని ఎవరూ పిలిచి ఎరగరు, కుంటోడు అంతే. చూపు పోయిన గంగులమ్మ గుడ్డిదిగానే కాలం చేసింది. తన మనవరాలిని ‘చెవిటిది’ అనే నోరు ఊళ్లో పుట్టకూడదని శాంతయ్య పట్టుదల.

ఆయన కూతురు మునెమ్మకు ఈ కథలు గిట్టవు. భర్త పోయాక బిడ్డతో తండ్రి దగ్గరికే వచ్చేసి, చెరకు తోటల్లో కూలికి పోతుండేది. తిరుపతిలో వినపడని పిల్లలకు ఒక బడి ఉందనీ, పిల్లలు అక్కడే ఉండి చదువుకోవచ్చనీ ఆసుపత్రి నర్సు చెబితే విని వచ్చింది.

"ఆడ మాట్లాడేది నేర్పిస్తారంట నాయనా. రాసేది నేర్పిస్తారంట."

"ఈడేం తక్కువైంది దానికి? రాణి మాదిరి ఉండాది."

"నువ్వుండే దాకా నీ కాలు తడతాది. ఆ పైన?"

శాంతయ్య తల గోక్కుని, సరే పదమన్నాడు.

దరఖాస్తుతో పాటు, పిల్లకు వినపడదని గ్రామ మునసబు రాసిచ్చిన కాగితం కూడా తెమ్మన్నారు బడివాళ్లు. మునసబు సుందరరాజు నిక్కచ్చి మనిషి. విషయం వినగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఎవురికి వినపడదు? మునిలక్ష్మికా? ఏమప్పా, పొద్దున్నే పరాచికాలా? నేను పిలిస్తే తిరిగి సూసింది గదా!"

"అది నా కాలు, సామీ."

"నీ కాలికేమైంది?"

"నేను మడమతో తడితే..."

"ఇదిగో శాంతయ్యా, రైలు కూత మర్నాడు వచ్చిందంటే ఊఁ కొట్టినాను. స్టేషను జరిగిందంటే సరే అన్నాను. దీన్ని మాత్రం నమ్మను. అట్లాంటి చెవులు ఈ చుట్టుపక్కల ఎవురికుండాయి? తప్పుడు సంతకం పెట్టి నిజమైన సెవిటి బిడ్డ నోట్లో మట్టి కొట్టమంటావా?"

శాంతయ్య ఒట్టు పెట్టుకున్నాడు. మునసబు ఇంకా గట్టిగా నవ్వాడు. వయసొచ్చిన నాటినుంచీ అబద్ధాలను చిటికెలో చెల్లుబాటు చేసిన మనిషి, ఒక్క నిజాన్ని చెల్లుబాటు చేయలేక చెప్పులీడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు.

చివరికి ఆ కాగితం లేకుండానే ముగ్గురూ తిరుపతి రైలెక్కారు. బడిలో పెద్ద టీచరమ్మ చంద్రకాంతమ్మ వాళ్ల మాటలు ఓపికగా విన్నది.

"ఈ ఏడాదికి ఒక్క చోటే మిగిలింది. వచ్చే ఏడాదికి మీ అమ్మాయికి వయసు దాటిపోతుంది. కాగితం సంగతి తరవాత చూద్దాం, ముందు పిల్లను నేను పరీక్షిస్తాను" అన్నది.

మునిలక్ష్మిని ఒక పొడుగు బెంచీ మీద గోడకేసి కూర్చోబెట్టి, చేతికి చింతపిక్కలు ఇచ్చారు. పిల్ల తాత చొక్కా వదల్లేదు. అందుకని ఆయనా అదే బెంచీ మీద కూర్చున్నాడు. చంద్రకాంతమ్మ వెనక నిలబడి ఇత్తడి గంట కొట్టింది.

మునిలక్ష్మి గిరుక్కున తిరిగింది.

మునెమ్మ ముఖం పాలిపోయింది. టీచరమ్మ మళ్లీ కొట్టింది. పిల్ల మళ్లీ తిరిగి, ఈసారి నవ్వుతూ తాత ముందు చెయ్యి చాపింది.

"వినపడుతున్నట్టుందే అమ్మా" అన్నది చంద్రకాంతమ్మ మెల్లగా. "ఉన్న ఒక్క చోటూ వినపడని బిడ్డకే ఇవ్వాలి గదా. ఈ అమ్మాయిని మీ ఊరి బడిలో వేయొచ్చు."

శాంతయ్య తన ఎడమ కాలివైపు చూసుకున్నాడు. అది ఆయన్ని అడక్కుండానే పని చేసింది. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. సాయంత్రం బండికి ఇంటికి పోవచ్చు. పిల్ల తన ఒళ్లోనే నిద్రపోతుంది. రేపు మళ్లీ అదే బల్ల, అదే బెల్లం. తప్పు తనదని అనేవాళ్లు కూడా ఉండరు. అటు చూస్తే గోడకానుకుని మునెమ్మ. తండ్రి కాళ్లకేసే చూస్తున్నది.

"ఇంకొక్కసారి కొట్టు తల్లీ" అన్నాడు శాంతయ్య. అని రెండు కాళ్లూ పైకి లాక్కుని, భోజనానికి కూర్చున్నట్టు బెంచీ మీద మఠం వేసుకున్నాడు. ఎడమ మడమను చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

గంట మోగింది. పిల్ల చింతపిక్కలు పేర్చుకుంటున్నది. ఇంకా గట్టిగా మోగింది, కిటికీలో కాకి ఎగిరిపోయింది. పిల్ల ఒక పిక్క కింద పడితే వంగి తీసుకున్నది. శాంతయ్య ఆమె మెడ వెనక జుట్టునే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆ తల తిరగడమే చూశాడు గాని, తిరగకపోవడం ఎన్నడూ చూడలేదు. ఊరికి చెప్పిన కథను తానెంత నమ్మేశాడో అప్పుడు తెలిసింది ఆయనకు.

చంద్రకాంతమ్మ గంట కింద పెట్టి, బెంచీ కాలినీ ఆయన పట్టుకున్న మడమనూ మార్చి మార్చి చూసింది.

"ఏం తాతా, చెవులున్నది మీ మనవరాలికి కాదు, మీ కాలికన్నమాట!"

"మా ఊరోళ్లు నమ్మరు తల్లీ. నువ్వన్నా నమ్ము."

ఆమె నమ్మింది. తానే ఆసుపత్రికి చీటీ రాసింది. అక్కడి డాక్టరు కాగితం రాగానే ఆ చోటు మునిలక్ష్మిదైంది.

పిల్లను వదిలి వచ్చిన తరవాత గేటు దగ్గర బల్ల మీద కూర్చోవాలంటే శాంతయ్యకు మనసు రాలేదు. నిలబడే కథలు చెప్పాడు, అవీ పొట్టివి. దసరా సెలవులకు పిల్లను తీసుకురావడానికి తిరుపతి వెళ్లినప్పుడు వరండాలో పిల్లల గుంపు కనిపించింది. ఒకమ్మాయి ఆయన్ని చూసి పరుగున లోపలికి పోయి, మునిలక్ష్మి ముందు చెయ్యి నిలువుగా ఎత్తి, మెల్లగా అడ్డంగా దించింది. మునిలక్ష్మి ఎగిరి బయటికి దూకింది.

"అదేందమ్మా?" అని అడిగాడు శాంతయ్య.

"మీ మనవరాలి పేరే" అన్నది చంద్రకాంతమ్మ. "పిల్లలు ఒకరికొకరు సైగలతో పేర్లు పెట్టుకుంటారు. వచ్చిన రోజునుంచీ మీ అమ్మాయి గేటు దించడం ఒకటే ఆడి చూపించేది. అదే పేరైపోయింది."

శాంతయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. గేటు శాంతయ్య మనవరాలికి గేటు పేరు కాక ఇంకేం పేరొస్తుంది!

మర్నాడు గేటు దగ్గర మునసబు సుందరరాజు సైకిలు మీద ఎదురయ్యాడు. బల్ల మీద తాతా మనవరాలూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా, సెవిటి బిడ్డల బడికి నిజంగానే పంపినావంటనే! ఆడ మన పిల్లని ఏమని పిలుస్తారు?"

శాంతయ్య నోరు మెదపకుండా కుడిచెయ్యి నిలువుగా ఎత్తి, మెల్లగా అడ్డంగా దించాడు.

మునసబు ఠక్కున సైకిలు దిగి, పట్టాల వెంబడి ఇటూ అటూ తొంగి చూశాడు.

"యాడప్పా రైలు?"

మునిలక్ష్మి నవ్వింది.